కస్మికిచ్చిన పెద్ద పని

“ఇల్లంతా వదిలేసి నా ముసుగు ఆరేసిన చోటే వేలాడదీయాలా ఆ గువ్వ పంజరం?” రుమినీ గుడ్డ అంచుని గోటితో గీకుతూ అడిగింది. గువ్వ రెట్ట ఎండి తెల్లటి మచ్చ కట్టింది.

“కార్ఖానాలో మేస్త్రీవి కదా, దానిక్కూడా కాస్త క్రమశిక్షణ నేర్పరాదూ,” అన్నాడు మొగుడు సమిరన్, గుమ్మంలో కూర్చుని కాఫీ ఊదుకుంటూ. లోపల కూతురు తితిక్ కిసుక్కున నవ్వింది. ఇంకో రోజైతే రుమినీ కూడా ఏదో ఒకటి అంటించేది. ఇవాళ మచ్చ మెడ వెనక్కి పోయేలా ముసుగు చుట్టుకుని సైకిలెక్కింది.

కుదుస్‌లో లవంగాలు కలిపిన సిగరెట్లు చేత్తో చుట్టే కార్ఖానా అది. పొడవాటి బల్లల వెంట ఆడవాళ్ళు జంటలుగా కూర్చుంటారు. ఒకరు చుడతారు, పక్కామె కొసలు కత్తిరిస్తుంది. రుమినీ అజమాయిషీ చేసే వరసలో మొదటి చోటు కస్మిది. పొట్టి మనిషి. ఎడమ కన్ను కొంచెం చిన్నది. గొంతులో ఎప్పుడూ ఏదో కూనిరాగం. ఆ రాగం నడకకే వరసలో అందరి చేతులూ ఆడేవి. అధికారి ఎవరినైనా కసిరితే కస్మి ఎదురుచెప్పదు. “అలాగే బాబూ” అంటుంది. రాగం మాత్రం నెమ్మదిస్తుంది. దాంతోపాటే వరస కూడా.

అధికారి హెర్లాన్ కొత్తగా శిక్షణ పొంది వచ్చినవాడు. కస్మిని దారికి తెచ్చుకోవాలని ముందు పొగిడి చూశాడు. తర్వాత ‘ఆదర్శ కార్మికురాలు’ అని రాసిన పట్టీ భుజానికి తొడిగి ఫొటో తీయించాడు. ఆ పట్టీని మసిగుడ్డ చేసి కస్మి అన్నం గిన్నె దించుకుంది. నిన్న అతను రుమినీని పిలిచి మెత్తగా చెప్పాడు: “ఆమెని గాజుగదిలో తనిఖీకి పంపండమ్మా. పెద్ద పని, గౌరవం కూడా. మీవల్ల కాకపోతే మీరే మళ్ళీ వరసలో కూర్చుందురుగాని.”

రుమినీ వేళ్ళు బిగుసుకుపోయి చుట్టడం చేతకానప్పుడు మేస్త్రీ పనికి ఆమె పేరు చెప్పింది కస్మే. అంతకుముందు ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరూ జంట. ఇప్పుడు ఆ వేళ్ళతో వరసలో కూర్చుంటే ఇల్లు గడవదు.

లేచి వెళ్ళమని మొహం మీద ఎలా చెప్పడం? రుమినీ చెప్పలేదు. వరస చివరి మనిషిని తెచ్చి కస్మి చోటులో కూర్చోబెట్టింది. కస్మి వచ్చి చూసింది. తర్వాత గాజుగది వైపు చూసింది.

“అబ్బో! చేపలతొట్టిలో పెట్టి చూసుకుంటారా నన్ను?”

“పెద్ద పని అక్కా,” అంది రుమినీ నేల చూస్తూ.

“అవునులేవే. వేళ్ళెలా ఉన్నాయి?”

“అలాగే ఉన్నాయి.”

“నూనె రాయడం మానకు.”

గాజుగదిలోంచి రాగం బయటికి రాదు. వరస నెమ్మదిస్తుందని రుమినీ ఎదురుచూసింది. నెమ్మదిస్తే బావుండునని కూడా అనుకుంది. అందరూ చేతులు దించితే హెర్లాన్ వెనక్కి తగ్గేవాడేమో. కాసేపు చేతులు తడబడ్డాయి. ఒక్కొక్కరూ తలెత్తి రుమినీ మొహం చూసి, మళ్ళీ తల దించుకున్నారు. ఆ తర్వాత ఏనాడూ లేనంత వేగంగా చుట్టారు. అటుగా వెళ్తూ హెర్లాన్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

భోజనాల వేళకి గాజుగది ఖాళీగా ఉంది. “ఇందాకే గేటు దాటిందమ్మా. ఇంక రానని చెప్పమంది,” అన్నాడు కాపలావాడు. వెనకాల ఎవరూ పరుగెత్తలేదు. రుమినీ కూడా పరుగెత్తలేదు.

సాయంత్రం చాప మీద అన్నం, వేయించిన టెంపే సోయా ముక్కలు, పుల్లటి చారు పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు.

“పోనీలే, నీ పని నిలిచింది,” అన్నాడు సమిరన్.

“వరస చివర చోటు ఖాళీ అయింది. మాట వినేవాళ్ళని, మీ వాళ్ళనే తెమ్మన్నాడు హెర్లాన్. సోమవారం నుంచి తితిక్ నాతో వస్తుంది.”

తితిక్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “నర్సింగులో చేరమన్నావు కదమ్మా?”

“అన్నాను.”

సమిరన్ చారు వడ్డించుకున్నాడు.

“కూర్చునే బల్ల గట్టిగా ఉంటుంది,” అంది రుమినీ, కూతురి వైపు చూడకుండా. “ఆ దిండు కూడా పట్టుకెళ్దువుగాని.”

గుమ్మం పక్కన, రుమినీ సంచీలోంచి సగం బయటికి వచ్చి, కస్మి తన చోటులో వదిలేసిన గోనెగుడ్డ దిండు ఉంది. ఏళ్ళ తరబడి కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు.