వెనక్కి వచ్చిన బండి

రేవులో లారీలన్నిటినీ కరెంటు బళ్లుగా మారుస్తున్నారు. వాటికి ఫాస్ట్ చార్జర్లు కొనే పని కొనుగోలు విభాగానికి, అంటే నా మెడకి చుట్టుకుంది. కిలోవాట్లంటారు, బండికి గుచ్చే ప్లగ్గుని గన్ను అంటారు, ఆ గన్ను వేడెక్కకుండా మళ్లీ వేరే ఏర్పాటంటారు. ఒకటి బుర్రకెక్కిందనుకునేలోపు ఇంకోటి వచ్చి దాన్ని తుడిచేస్తుంది. ఇన్నాళ్లలో నేను బాగా నేర్చుకున్నది తలాడించడం ఒక్కటే.

ఆ రోజు ట్రయల్. కంపెనీవాళ్లు యార్డులో ఒక చార్జర్ బిగించారు. అది పనిచేస్తే నేను సంతకం పెట్టాలి. మా మేనేజరు పెన్ను కూడా తనే పట్టుకొచ్చాడు, అంత తొందర ఆయనకి.

డ్రైవరు బండిని చార్జర్ ముందు ఆపాడు. వైరు అందలేదు. గన్ను పెట్టే చోటు బండికి వెనక ఉంది.

"వెనక్కి నడిపి పెట్టాలండీ," అన్నాడు కంపెనీ ఇంజినీరు.

డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. మా యార్డులో బండిని వెనక్కి నడపడం నిషేధం. ఒక దారిన వస్తాయి, ఇంకో దారిన పోతాయి. అందుకే మావాళ్లు ఆగిన బండి వెనక నుంచి సొంత వసారాలో తిరిగినట్టు తిరుగుతారు.

"అన్ని బస్సు డిపోల్లోనూ ఇలాగే పెట్టామండీ," అన్నాడు ఇంజినీరు.

ఇది డిపో కాదు నాయనా అనబోయాను. ఈలోపే మేనేజరు, "ఈ ఒక్కసారికి కానివ్వవయ్యా," అనేశాడు.

బండి వెనక్కి కదిలింది. రివర్స్ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు దాని వెనక్కి వచ్చి నిలబడ్డాడు. బళ్లకి జెండా ఊపి దారి చూపించడం వాడి ఉద్యోగం. బండికి వీపు పెట్టి, తాపీగా జెండా చుట్టుకుంటున్నాడు.

"చిన్నోడా!" అని అరిచాను. తిరగలేదు. డ్రైవరు అద్దంలో చూసి బ్రేకు తొక్కాడు. బండికీ వాడి వీపుకీ మధ్య జానెడు మిగిలింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టి లాగితే, "ఏంటక్కా?" అన్నాడు నవ్వుతూ.

తలా ఒక మాట అన్నారు. ఇక్కడ వెనక్కొచ్చే బండిని ఎవరు చూశారు పాపం, అన్నాడు డ్రైవరు. ఇంకా పెద్ద హారన్ పెడదామన్నాడు ఇంజినీరు. అదే అలవాటైపోతుందన్నాడు మేనేజరు. ఎవరి మాట విన్నా నిజమేననిపించింది.

తమ్ముణ్ని నా గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. "అంత హారన్ మోగుతుంటే వినపడలేదురా?"

వాడు నా పెదాలవంకే చూశాడు. "హారన్ మోగిందా?"

నేను లేచి గది తలుపు మూశాను.

"క్రేన్ల మోతలో ఎప్పుడు పోయాయో తెలీదక్కా. మొదట్లో చెవుల్లో హోరు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మనిషి మొహం చూస్తే మాట తెలిసిపోతుంది. జెండా ఊపడానికి చెవులెందుకు చెప్పు? ఎవరితోనూ అనకు. తీసేస్తారు."

పిలిస్తే పలకడని మరదలు రోజూ వీడితో పోట్లాడేది. పొగరనుకున్నాం అందరం. దుఃఖం ముంచుకొచ్చింది, దాంతోపాటు వాణ్ని ఒక్కటి పీకాలన్నంత కోపమూ వచ్చింది.

మేనేజరు లోపలికొచ్చాడు. "ఏమ్మా, సంతకం?"

"పెట్టను సార్. బండి ఇటు నుంచి వచ్చి నేరుగా అటు పోయేలా బిగించే చార్జర్లు తెమ్మనండి. యార్డులో రివర్స్ కుదరదు. ఆ నియమం మనదేగా."

ఆయన గొణిగాడు, సణిగాడు, చివరికి సరేనన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. వెనక్కొచ్చే బండి ఉండదు, వీడి గుట్టు వీడి దగ్గరే ఉంటుంది. కానీ క్రేన్ కింద గొలుసు తెగితే అరిచేది మనుషులే కదా? అప్పుడు వీడు ఎవరి మొహం చూస్తాడు? చార్జర్లయితే వెనక్కి పంపగలను. వీణ్ని ఎక్కడికి పంపను? చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు.

మేనేజరు తలుపు దాకా వెళ్లాడు.

"సార్," అన్నాను. "మా తమ్ముణ్ని యార్డులోంచి తీసెయ్యండి. వాడికి చెవులు వినపడవు."

వాడు నా మొహంవంకే చూస్తున్నాడు. ఒక్క ముక్క కూడా పోకుండా అంతా అర్థమైంది వాడికి.