రేపు చెప్తా

బానెట్ ఎత్తకుండానే మేస్త్రి కారు వెనక్కి నడిచాడు. ఎప్పుడూ అంతే. సైలెన్సర్ గొట్టం పక్కన మోకాళ్ళు టకటకమంటుండగా గొంతుక్కూర్చుని, జేబులోంచి అరచెయ్యంత తెల్లగుడ్డ తీశాడు. గొట్టానికి రెండంగుళాల ఎడంగా పట్టుకుని పది లెక్కపెట్టాడు. గుడ్డ తడిసింది. జిడ్డు లేదు, మసి లేదు. వేళ్ళ మధ్య నలిపి చూసి, నాలుగు మడతలు పెట్టి, పనిబల్ల మీదున్న భోజనం డబ్బా పైగిన్నెలో ఉంచి మూత బిగించాడు.

"రేపు చెప్తా," అన్నాడు.

ఆ మాట కిందే ఆయన అసలు పేరు అణిగిపోయింది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ వీధికి ఆయన రేపు మేస్త్రి. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ, నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందనీ కళ్ళున్న ఏ మెకానిక్కయినా చెబుతాడు. తెల్ల పొగ దగ్గరే తంటా. రాత్రి చలికి గొట్టంలో పట్టిన తడి అయినా తెల్లగానే వస్తుంది, ఇంజను లోపలికి కూలెంట్ కారి ఉడికినా తెల్లగానే వస్తుంది. మొదటిది కాసేపటికి దానంతటదే పోతుంది. రెండోది నడిదారిలో ఇంజన్నే మింగేస్తుంది. ఈ రెంటినీ విడదీసి చెప్పడంలో మేస్త్రి మాటకు తిరుగు లేదు. రాత్రంతా ఆలోచించుకుని వస్తాడని జనం అనుకునేవారు. అనుకోనిచ్చాడు.

"రేపంటే కుదరదు మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. అద్దెకు కారు తిప్పుకునే మనిషి. "మధ్యాహ్నం కొండదారి ఎక్కాలి. ముగ్గురు ముసలాళ్ళని ఎక్కించుకుపోవాలి. ఇప్పుడే తేల్చు."

"ఇప్పటికిప్పుడు తేల్చడానికి ఇదేమన్నా టైరు పంచరా?"

షెడ్డు యజమాని బల్ల దగ్గర్నుంచి నవ్వాడు. తండ్రి పోయాక షెడ్డు అతని చేతికొచ్చింది. మేస్త్రి మాత్రం తండ్రి కాలం మనిషి. "బాబాయ్, ఈమధ్య నీ రేపులు వారాలవుతున్నాయి. బండి చల్లారనీ, మీటరు బిగించి చూద్దాం. రేడియేటర్లో ప్రెషర్ నిలబడుతుందో లేదో అదే చెబుతుంది."

"నీ మీటరు నిన్న పుట్టింది," అన్నాడు మేస్త్రి.

గొట్టం వైపు మళ్ళీ వంగాడు. ఊపిరి పీల్చాడు. ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేదు. ఇరవై నాలుగో ఏట, కాగిన రేడియేటర్ మూతని తొందరపడి తిప్పాడు. ఆవిరి తన్నిన మూత ఎగిరొచ్చి ముక్కు దూలం విరిచింది. బొబ్బలు మానాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు. వాసన తెలియని మెకానిక్‌ని ఎవరు పెట్టుకుంటారు? ఎవరికీ చెప్పలేదు, భార్యకు తప్ప.

ఆమెనూ ఎవరికీ చెప్పనివ్వలేదు. సాయంత్రం డబ్బాలోంచి గుడ్డ తీసి ఆమె ముందు పడేసేవాడు. ఆమె చేతులు తుడుచుకుని, గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. "ఉత్త తడండీ," అనేది. లేకపోతే, "తియ్యగా ఉంది. కూలెంటే." మర్నాడు ఆ మాటే షెడ్డులో ఆయన మాటయ్యేది.

ఆ ముక్కున్న మనిషి పోయి ఎనిమిది నెలలయింది. అప్పట్నుంచీ తెల్ల పొగ బండి వస్తే గుడ్డి అంచనాయే. రెండు తప్పాయి. నడిపినవాడిదే పొరపాటని బుకాయించాడు.

"ఏమంటావు మేస్త్రీ?" డ్రైవరు తాళం వేలికి తిప్పుతున్నాడు.

"పొద్దుటి తడి. ఏం కాదు, పో."

వెనక సీట్లోంచి ఒక తల బయటికొచ్చింది. డ్రైవరు భార్య. "తడేంటండీ? తియ్యటి వాసనొస్తోంది, పాకం మాడినట్టు. నిన్నట్నుంచీ చెబుతూనే ఉన్నా."

"నీకేం తెలుసు? ఇంజను సంగతి నీకెందుకు, నోర్మూసుకుని కూర్చో," అన్నాడు డ్రైవరు, వెనక్కి తిరక్కుండానే.

పానా అందుకోబోయిన మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. ఆ మాటలు ఆయనవే. ఆయన భార్య ఒకే ఒక్కసారి అడిగింది, "ఒక్కనాడైనా షెడ్డులో చెప్పారా, ఇది మా ఆవిడ చెప్పిందని?" ఇంజను సంగతి నీకెందుకు, అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

డబ్బా తెరిచి, గుడ్డ తీసుకెళ్ళి కిటికీ దగ్గర పట్టాడు. "అమ్మా, ఒకసారి చూసి చెప్పు."

ఆమె మొగుడి వైపు చూసి, గుడ్డ అందుకుని, కళ్ళు మూసుకుంది. "ఇదేనండీ. ఇదే వాసన."

"బండి కదపకు," అన్నాడు మేస్త్రి డ్రైవరుతో. "హెడ్ గాస్కెట్ పోయింది, కూలెంట్ ఇంజన్లోకి కారుతోంది. నేను చెప్పింది తప్పు. ఆవిడ చెప్పిందే నిజం."

రెండు గంటల తర్వాత బండి చల్లారింది. యజమాని మీటరు బిగించాడు. ముల్లు ఒక్క క్షణం నిలబడి, మెల్లగా కిందికి జారిపోయింది. డ్రైవరు మెడ తుడుచుకున్నాడు. "మేస్త్రికి ముందే తెలుసు. మనల్ని ఆటపట్టించాడు అంతే," అన్నాడు. భార్య వైపు చూడను కూడా లేదు.

"నాకు తెలీదు," అన్నాడు మేస్త్రి. గొంతు పెంచాడు. "నాకు వాసనే తెలీదు. ముప్పయ్యొక్క ఏళ్ళూ ఇక్కడ చెప్పింది మా ఆవిడ. గుడ్డ ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె చెప్పేది."

యజమాని పడీపడీ నవ్వాడు. "అయితే మేం పిన్నిని పెట్టుకోవలసింది బాబాయ్, నిన్ను ఇంట్లో కూర్చోబెట్టి!" డ్రైవరు బానెట్ మీద చరిచి మరీ నవ్వాడు. ఇన్నేళ్ళకు మేస్త్రికి వేళాకోళం అబ్బిందన్నారు. డ్రైవరు భార్య ఒక్కతే నవ్వలేదు.

ఆయన పానాలు తుడిచి, సైజుల వారీగా గోడకు తగిలించాడు.

కిందటి చలికాలం ఒక సాయంత్రం ఆయన భార్య గుడ్డ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఏమీ తెలియడం లేదండీ," అంది. సరిగ్గా చూడమన్నాడు. పని ఎగ్గొట్టడానికి సాకా అన్నాడు. మూడో సాయంత్రం ఆమె, "ఉత్త తడేనండీ," అంది. ఆ బండి దారిలో ఆగిపోయింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇంజన్లో ఏ గొట్టం ఎక్కడ చిట్లిందో వెతికేవాడికి, ఆ ముక్కుకు ఏమైందని అడగాలని తోచలేదు. తలనొప్పులు ముదిరాక డాక్టరు ఫోటో తీయించి, తలలో గడ్డ చూపించి అడిగాడు, "వాసన తెలియడం ఎప్పట్నుంచి తగ్గింది?" ఆయనకు తేదీతో సహా తెలుసు. తెలీదండీ, అన్నాడు. ఆరు వారాలకు ఆమె పోయింది.

"రేపు హెడ్ విప్పాలి బాబాయ్, పెందలాడే రా," అన్నాడు యజమాని.

రేపు అన్న మాట ఆయన నోట రాలేదు. చొక్కా మార్చుకుని, వీధిలోకి నడిచి, ఎండలో కలిసిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇంటికి మనిషిని పంపితే తాళం కనిపించింది.

భోజనం డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. అన్నం పాచిపోయి ఉంటుందని ముక్కు మూసుకుని యజమాని కిందిగిన్నె తెరిచాడు. అన్నం లేదు. ఏ ముక్కూ చూడని ఎనిమిది నెలల తెల్లగుడ్డలు, మూలన పెన్సిలుతో బండి నంబరు, ఒక్కోటి నాలుగు మడతలు.