అతికించిన మొదటి పేజీ

మంగతాయారు అద్దె పుస్తకాల షాపు షట్టర్ ఎత్తేసరికి, నవలల మొదటి వాక్యాలన్నీ బయటికొచ్చి బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నాయి.

ఆమె ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతుంది. అద్దె పుస్తకంలో ముందు ఊడేది మొదటి పేజీయే. ఊడినప్పుడల్లా ఆ వాక్యాన్ని తెల్లకాగితం మీద తన చేత్తో రాసి, ఉడికించిన మైదాతో అతికిస్తుంది. అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క నవలదే గుర్తు రాలేదు. ఎదురుగా ఎవరో తొందరపెడుతుంటే తోచింది రాసి ఇచ్చేసింది: ‘అగ్గిపెట్టె కోసం వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.’

ఆ సాయంత్రమే ఆమె భర్త గవర్రాజు అగ్గిపెట్టె కోసం వెళ్లాడు. పదకొండేళ్లయింది.

ఆ వాక్యం బెంచీ చివర కూర్చుని ఉంది. వేసుకున్న చొక్కా గవర్రాజుదే.

“ఆయన్ని తిరిగి పంపెయ్యి,” అంటుంది మంగతాయారు.

“పంపేది నేను కాదండి. నాది మొదలెట్టే పని. ముగించడానికి ఆఖరి పేజీ ఉంది కదండీ.”

ఆమె ఆ నవల తీసి చూస్తుంది. ఆఖరి పేజీ లేదు. హంతకుడెవరో తనకు తెలిశాక ఇంకెవరికీ తెలియకూడదని చింపుకుపోయే మహానుభావుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు.

ఆమె కాగితం తీసుకుని ‘ఆయన వచ్చి తలుపు తట్టాడు’ అని రాసి వెనక అతికిస్తుంది.

అట్టను లోపలినుంచి ఎవరో తడుతున్నారు.

“ఏవండీ?”

“అగ్గిపెట్టె దొరికిందే మంగా. తలుపు తియ్యి.”

ఆమె అట్ట తీస్తుంది. మొదటి పేజీ ఉండాల్సిన చోట గోడ ఉంది. తడుముతుంది. చల్లగా ఉంది.

“నేను లేనిదే లోపలికి దారి లేదండి,” అంటుంది వాక్యం. “నేను లోపలికెళ్లానంటే ఆయన మళ్లీ వెళ్లిపోతారు. మీ ఇష్టం.”

“నీ చోట్లో నేనుంటే?”

వాక్యం చొక్కా గుండీలు సర్దుకుంటుంది. “అలా ఎవరూ అడగలేదండి ఇప్పటిదాకా.”

మంగతాయారు చెప్పులు విడిచి, వీపుకు మైదా పూసుకుని, గోడకు ఆనుకుంటుంది. గోడ కాగితమవుతుంది. పైన అట్ట మూసుకుంటుంది. బయట వాక్యం షట్టర్ దించుతున్న చప్పుడు.

రెండొందల పేజీల అవతల అగ్గిపుల్ల వెలుగుతుంది. గవర్రాజు ఒక్కో పేజీ దాటుకుంటూ వచ్చి, ఆమె నుదుటి మీద వేలు ఆనించి, ఎడమనుంచి కుడికి చదవడం మొదలుపెడతాడు. అతను చదివినంతమేరా ఆమె చెరిగిపోతోంది. రెండో చేతిలో పుల్ల కాలుతూనే ఉంది, కాగితానికి బెత్తెడు దూరంలో.