పని లేదన్న మాట

పలాసలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. "జీడిపిక్కలు కొట్టిన కూలి జాతీయాదాయంలో చేరుతుంది. వితంతు పింఛను వ్యక్తిగత ఆదాయం మాత్రమే" అని, పక్కన "దాని వెనక పని లేదు" అని బోర్డు మీద రాశాను.

"ఓలే ఇందూ, మీయమ్మకి పని లేదంట!" అని వెనక బెంచీ నవ్వింది.

ఇందు లేచింది. కిడ్నీ జబ్బుతో నా భార్య మంచాన పడితే, ఆఖరి ఐదు నెలలూ స్నానం చేయించి తల దువ్వింది ఇందు తల్లి, ఆ పింఛను మీద బతికే తవిటమ్మే. రూపాయి తీసుకోలేదు.

"మీ ఇంటికాడ మాయమ్మ సేసింది ఏ లెక్కలోకి వత్తాది మేస్టారూ?"

"రెండింట్లోకీ రాదమ్మా."

పాఠం ప్రకారం అది సరైన జవాబే. "పని లేదు" అన్న మాట చెరిపేశాను గాని, ఇందు వైపు తిరగలేకపోయాను.