దూడను విడవమన్న మాట

నాకు నారాయణ అని పేరు పెట్టింది మా బాపు మల్లయ్య. ప్రాణం పోయే వేళ కొడుకును పిలిచినా భగవంతుణ్ణి పిలిచినట్టే అవుతుందని ఆయన ఆలోచన. తీరా బతికినన్నాళ్లూ నన్ను ‘పెద్దోడా’ అనే పిలిచాడు.

ఆఖరి పొద్దున కూడా అంతే. నేను తులసి నీళ్లు నోట్లో పోసి, చెవి దగ్గర దేవుడి పేరు చెబుతున్నాను. కొట్టంలో దూడ తాడు తెంపుకునేటట్టు అరుస్తోంది. బాపు కళ్లు తెరిచి, "పెద్దోడా, దూడను ఇడ్వురా. అది నాకంటె తొందరల ఉన్నది" అన్నాడు. కాళ్ల దగ్గర కూర్చున్న మా అమ్మ, మేం అవ్వ అంటాం, లేచి వెళ్లి, దూడను విడిచి వచ్చేసరికి ఆయన లేడు.

పదకొండో నాడు కర్మ చేయించిన అయ్యగారు, పోయేటప్పుడు భగవన్నామం పలికాడా అని అడిగాడు. అబద్ధం చెప్పబుద్ధి కాక ఉన్నమాట చెప్పాను. మా దాయాది పర్శరాములు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అది బాటసారి మాట గద తమ్మీ. పోయిన వైశాఖంల పత్రికల పడ్డది" అన్నాడు.

బాటసారి అంటే హైదరాబాదు నుంచి వచ్చే వారపత్రికలో చివరి పేజీ రాసే ఒకాయన. అసలు పేరు ఎవరికీ తెలియదు. పత్రిక కామారెడ్డి దాకా వస్తుంది. మా ఊరు ఎల్లారెడ్డికి దాని మాటలే వస్తాయి. ఇక్కడ ఎవరి నోట మంచి మాట వచ్చినా అది ఆయనదే. కూరలో ఉప్పు తక్కువైందన్నా, చివర ఆయన పేరు కలిపితే ఇంట్లో వింటారు. పర్శరాములుకు చదువు రాదు. అయినా అతను అనగానే ఇంకో ఇద్దరికి గుర్తొచ్చింది. వాళ్లలో పోచయ్యకైతే మాట పక్కన అచ్చేసిన దూడ బొమ్మ కూడా గుర్తొచ్చింది, మూతి మీద తెల్లమచ్చతో సహా. మా దూడకు ఆ మచ్చ ఉంది.

అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. "నలభై ఏండ్లు సంసారం చేసిన. ఆయన ఆఖరి మాట కాయితంలకెల్లి ఎత్తుకొచ్చిండంటున్నరు. కామారెడ్డి పోయి, కాదని రాపిచ్చుకరా పో" అన్నది. దేవుడి పేరు ఎలాగూ దక్కలేదు. ఆ ఒక్క మాటా ఆయనది కాకపోతే బాపు ఏం పట్టుకుని పోయినట్టని నాకూ అనిపించింది.

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి బస్సులకు బొగ్గు గ్యాసే గతి. లింగంపేట దాటాక మా బస్సు ఎత్తు మీద ఆగింది. డ్రైవరు అందరినీ దింపి, కూర్చున్నవాడు ఊరు చేరడని బాటసారి ఎప్పుడో చెప్పాడన్నాడు. మేం భక్తిగా తోశాం.

కామారెడ్డి స్టేషన్ దగ్గర పత్రికలు తెప్పించే దేవన్న సంచికలన్నీ కట్టకట్టి ఉంచాడు. వైశాఖం నుంచి ఒక్కొక్కటే తిప్పాను. దూడ లేదు. బాటసారి కూడా లేడు. కాగితం దొరకక పేజీలు తగ్గించినప్పుడు ఆయన పేజీ ఎత్తేశారట. అప్పటికి ఏడాది మీద రెండు నెలలైంది. మరి వారం వారం జనం చెప్పే మాటలు ఎవరివని అడిగాను.

"ఆయనయే" అన్నాడు దేవన్న. "ఇప్పుడు రాసే పని లేదు గద, మస్తు మంచిగ చెప్తున్నడు."

పత్రిక చిరునామాకు కార్డు రాశాను. నెల మాసికం ముందు రోజు జవాబు వచ్చింది. మర్నాడు వచ్చినవాళ్లందరి ముందు నిలబడి చదివాను.

"అయ్యా, ఆ మాట నాది కాదు. దూడలను గురించి నేనెన్నడూ రాయలేదు; మా ఇంట్లో బర్రె కూడా లేదు. నా పేరు మీద తిరిగేవాటిలో నావి మూడో నాలుగో, అవీ అంత గొప్పవి కావు. మీ నాయనగారు ఇంకేమైనా అని ఉంటే దయచేసి రాయండి. ఇట్లు, బాటసారి."

పోచయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"సూసిన్రా" అన్నాడు పర్శరాములు. "గిట్ల ఇంకెవరు రాస్తరు? తన మాట తనది కాదనేటోడు ఆయనొక్కడే."

అందరూ కార్డును కళ్లకద్దుకున్నారు. అయ్యగారు దాన్ని దీపం పక్కన పెట్టమన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ కోసం వెతుక్కుంటూ కొట్టంలోకి వెళ్లాను. అన్నీ విన్నట్టుంది, చెంబు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఇక నా వల్ల కాదన్నాను. దేవుడి దగ్గర బాపు పేరు మీద ఏ మాట రాసుకుని ఉంటారో, అసలేమైనా రాసుకున్నారో లేదో తెలియడం లేదన్నాను.

అవ్వ లేచి దూడ తాడు ముడి విప్పసాగింది. "పోనియ్యి పెద్దోడా. మాట ఆళ్లు తీస్కుంటే తీస్కోనీ" అన్నది. "ఆయన ఇడ్వుమన్నడు. మనం ఇడిసినం గద."

దూడ ఆమెను తోసుకుని తల్లి పొదుగు కిందికి దూరింది. ఇంట్లో నుంచి అయ్యగారు పిలుస్తున్నా, అది పాలు తాగే చప్పుడు వింటూ నేను కాసేపు అక్కడే నిలబడ్డాను.