ఒకే గొట్టం

ఎలీహియో ఒర్తెయాదో భార్య సిందుల్ఫా కోళ్ళగూటి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. జూలై నెల, ఆ దేశంలో నడి చలికాలం, ఎముకలు కొరికే చలి. జిల్లా ఆసుపత్రిలో ఆమె కాలికి బరువు కట్టి వేలాడదీశారు. రాజధాని నుంచి ఎముకకు వేసే లోహపు పలక వచ్చి బిగించేదాకా కదపకూడదన్నారు. ఊళ్ళో ఫ్లూ తిరుగుతోంది. ఆమెకు అసలే ఉబ్బసం. అది సోకితే తట్టుకోలేదని డాక్టరు మొదటిరోజే చెప్పేశాడు.

అందుకే బయటివాళ్ళను వార్డులోకి రానివ్వలేదు. మొగుడైనా సరే, వసారాలో నిలబడి అద్దంలోంచి చూడాల్సిందే.

"బస్సులో వస్తావు, సంతలో తిరుగుతావు. ఆ రోగాలన్నీ తెచ్చి ఆవిడ మీద పోస్తావా తాతా?" అంది పెద్ద నర్సు బెర్నార్దా.

న్యాయమే అనుకున్నాడు. నర్సులు మాస్కులు కట్టుకుని, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని లోపలికి పోతుంటే, ఇంట్లో తానెప్పుడూ ఇంత శుభ్రంగా చూసుకోలేదు కదా అనుకున్నాడు.

పొద్దెక్కాక వసారా చివర బల్ల దగ్గర నర్సులు మాతే అనే ఆకు కషాయం తాగడం మొదలైంది. సొరబుర్రలో ఆకు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, పీల్చడానికి ఒకే గొట్టం. బెర్నార్దా పోసి ఇస్తే ఒకరు పీల్చి తిరిగిస్తారు. మళ్ళీ పోసి ఇంకొకరికి. మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగాయి. మాతే దగ్గర ఎంగిలి పట్టింపు ఎవరికీ లేదు. బుద్ధెరిగాక ఎలీహియోకూ లేదు.

కాని ఆ వేళ నిమియా దగ్గుతోంది. సిందుల్ఫాకు తినిపించే నర్సు ఆమే. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె పీల్చిన గొట్టం పక్కనున్న నర్సుపిల్ల నోట్లోకి పోయింది, అక్కణ్ణించి బెర్నార్దా నోట్లోకి.

"ఈ అమ్మాయికి జ్వరంలా ఉందమ్మా," అన్నాడు.

"చలికి గొంతు పట్టింది తాతా, అంతే," అంది నిమియా. "తుమ్మితే తుంపర ఎంత దూరం పోతుందో, చెయ్యి ఎంతసేపు కడగాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. శిక్షణలో నాకే ఎక్కువ మార్కులు."

"మరి ఆ గొట్టం?"

"వేడినీళ్ళలో ఏ పురుగు బతుకుతుందట?"

"నీళ్ళు మరిగితే ఆకు మాడుతుందని పొయ్యి మీంచి ముందే దించేశారుగా."

"ముసలాయన డాక్టరైపోయాడు బెర్నార్దక్కా. ఓ తెల్లకోటు పడెయ్యి."

అందరూ నవ్వారు. బెర్నార్దా నవ్వలేదు. "ఇప్పటికే ఇద్దరు నర్సులు మంచాన పడ్డారు. దీన్నీ ఇంటికి పంపితే ఇంతమంది పక్కలు ఎవరు మారుస్తారు? నువ్వా?" నీళ్ళు పోసి బుర్ర అతని ముందు పెట్టింది. "తాగు."

"గ్రాసియాస్," అన్నాడు.

మరెక్కడైనా అది థాంక్స్ చెప్పే మర్యాద మాట. మాతే దగ్గర మాత్రం ఇక నాకొద్దని. ఒక్క గుక్కయినా తాగకుండా ఆ మాటనేవాడు ఉండడు.

"మా నోళ్ళు అంత కుళ్ళిపోయాయా తాతా?" నిమియా నవ్వుతూనే అంది.

ఆ సాయంత్రం సిందుల్ఫా చెయ్యెత్తి పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ ఎత్తింది. పక్క తడిసిందని ఆమె మొహం చూస్తేనే అతనికి అర్థమైంది. అలిగి రాలేదో, తీరిక లేక రాలేదో. అద్దం మీద కొట్టాడు. కాపలావాడు వచ్చి గ్వరానీ భాషలో అమ్మనాబూతులు తిట్టాడు.

మర్నాడు బుర్ర ముందుకొస్తే తీసుకున్నాడు. నిమియా నోట్లోంచి వచ్చిన గొట్టమే. అడుగుదాకా పీల్చాడు.

"అదీ. ఇప్పుడు మా తాతవి," అంది నిమియా, దగ్గుతూ.

వెంటనే లేచి పక్క మార్చడానికి పోయింది. చేతులు కడుక్కుంది, మాస్కు సరిచేసుకుంది. తర్వాత మొక్కజొన్న ఉండల పులుసు తినిపించింది. సిందుల్ఫాకు చెవుడు. చెప్పింది వినబడక మాటిమాటికీ ఏమిటని అడుగుతోంది. నిమియా మాస్కు కిందికి లాగి, వంగి, చెవి దగ్గర ఏదో చెప్పింది. సిందుల్ఫా నవ్వింది. అద్దానికి ఇవతల ఎలీహియో గబగబా చెయ్యి ఊపాడు, మాస్కు పైకి లాక్కోమని. ఇద్దరూ ఇటు చూసి, నవ్వి, చేతులు ఊపారు.

ఆదివారానికి సిందుల్ఫాకు జ్వరం. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. రాజధానిలో ఊపిరి యంత్రం ఉన్న మంచం ఎక్కడా ఖాళీ లేదన్నారు.

డాక్టరు వసారాలోకి వచ్చాడు. "లోపలికి వెళ్ళావా? చుట్టాలెవరైనా దొంగచాటుగా వచ్చారా?"

బెర్నార్దా నేల చూపులు చూసింది.

"ఎవరూ రాలేదు," అన్నాడు ఎలీహియో.

"మరి ఈ జ్వరం ఎలా వచ్చినట్టు?"

ఎలీహియో నర్సుల వైపు తిరగలేదు. సిందుల్ఫా ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది.

"తెలీదు," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె పోయింది. అద్దంలోంచే చూశాడు. నిమియా ఆమె శాలువా మడిచి తెచ్చి ఇచ్చింది. జ్వరంతో మొహం పీక్కుపోయి ఉంది.

"మా అమ్మకు చేసినట్టే చేశాను తాతా. ఆఖరి చెంచా నీళ్ళు కూడా నేనే పోశాను."

"చూశాను," అన్నాడు.

ఆమె ఏడ్చింది. చెయ్యి పట్టుకోబోతే అతను శాలువా రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇక నువ్వు లోపలికి పోవచ్చు," అంది బెర్నార్దా. "ముందు చేతులు కడుక్కో. ఇదిగో, మాస్కు."

కడుక్కున్నాడు. కట్టుకున్నాడు.