తొంభై అడుగులు తక్కువ

మా ధర్మవరంలో మగ్గం గుంతలోకి దిగేటప్పుడు చేతికి ఏమీ ఉండకూడదు. ఉంగరమైనా తీసి గూట్లో పెట్టాల్సిందే. పట్టుపోగు తగులుకుంటే తెగుతుంది. అయిదో తరగతి మాన్పించి నన్ను గుంతలో కూర్చోబెట్టిన రోజు మా నాయన నేర్పిన మొదటి సంగతి అది. అందుకే షుగర్ క్యాంపువాళ్ళు మూడు నెలలకని కట్టిన గడియారాన్ని కూడా పొద్దున్నే తీసి గూట్లో పెట్టేవాణ్ణి.

ఆ గడియారం అడుగులు లెక్కపెడుతుంది. లెక్క నా ఫోన్లోంచి నర్సు రెబెకాకు పోతుంది. మూడు వేలు దాటనివాళ్ళకు ఆమె మర్నాడు ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది.

"ఏమన్నా శ్రీరంగప్పన్నా, నిన్న ఏడు నూర్లే! మంచానికీ మగ్గానికీ నడమ తిరిగినావా?"

"ఇంగ యాడ తిరగల్ల? నాకేమన్నా తోటలుండాయా?"

"కాలు తీసేసినాంక తోట కొన్నా తిరగలేవు. పొద్దున ఏం తిన్నావు?"

"రాయి తిన్నా."

"మంచిదేలే. రాయిలో చక్కెరుండదు."

ఫోన్ పెట్టేసి తిట్టుకునేవాణ్ణి. నా నోటికి తట్టుకోలేక నా భార్య పద్మజ కొత్తచెరువులో పుట్టింటికి పోయి ఆరేళ్ళయింది. తప్పు ఆమెదేనని ఇప్పటికీ అంటాను. వినేవాళ్ళే లేరు.

ఒకరోజు చీర ముగించే తొందరలో గడియారం తీయడం మరచాను. సాయంత్రం చూస్తే పదకొండు వేల అడుగులు! గుంతలోంచి లేస్తే ఒట్టు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె తాడు లాగిన ప్రతిసారీ చెయ్యి ఊగింది కదా, అదంతా నడకే అనుకుంది ఆ గడియారం.

మర్నాడు ఫోన్ రాలేదు. పీడ పోయిందనుకున్నాను. ఆనాటి నుంచి మా నాయన మాట పక్కనబెట్టి, గడియారం మీద పాతగుడ్డ చుట్టుకుని నేశాను.

నాలుగు రోజులు సుఖంగానే ఉంది. తర్వాత ఎనిమిదింటికి నాడె దానంతటదే ఆగడం మొదలైంది. ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ఏం తిన్నావని అడిగినవాళ్ళు లేకుండా నెల గడిచింది. గడియారం మళ్ళీ గూట్లో పెడితే చాలు, ఫోన్ వస్తుంది. కానీ అది అడుక్కున్నట్టే అనిపించి, పంతానికి పెట్టలేదు.

గడువు తీరేనాటికి రెబెకాయే ఇంటికి వచ్చింది, చేతిలో చిన్న అట్టపెట్టెతో.

"అందరిలో నువ్వే ఫస్టన్నా! గడియారం ఇచ్చేయ్. కదిరిలో చౌడప్పని ఒగాయన ఉండాడు, ఆయప్పకు కట్టల్ల. నీకింగ మాతో పని లేదు."

గడియారం పట్టీ మీదికి పోయిన చెయ్యి ఆగిపోయింది. గుంతలోకి దిగి, నాడె తాడు పట్టుకుని ఇరవైసార్లు లాగాను. గుడ్డ తప్పించి మణికట్టు ఆమె ముందుకు చాపాను. అంకె చూసింది. గుంతలో ఉన్న నా కాళ్ళు చూసింది.

"కూసోనే నడిచినావా ఇన్ని దినాలూ?"

"ఊ."

"నీ లెక్క జూసి మాత్రలు తగ్గిస్తామన్యాడు డాక్టరు. చచ్చేటోనివి గదప్పా!"

"చస్తే అడిగేటోళ్ళెవరులే."

ఆమె నవ్వలేదు. గుడ్డ విప్పి పారేసి, పట్టీ ఒక రంధ్రం బిగించింది. ఆరేళ్ళలో నా చెయ్యి పట్టుకున్నది ఆమె ఒక్కతే.

"ఇంగో నెల పెట్టుకో. గుంతలో దిగితే గూట్లో పెట్టు. సాయంత్రం రైలు గేటు దాకా నడువు. తక్కువైతే ఫోన్ చేస్తా. సరిగా నడిస్తే నా పీడ ఉండదులే."

ఆ సాయంత్రం నడిచాను. కాలు తిమ్మిరెక్కి చెప్పు ఉందో ఊడిందో తెలియడం లేదు, వంగి చూసుకోవాల్సి వచ్చింది. గేటు దాకా పోయి తిరిగి గడప ఎక్కేసరికి రెండు వేల తొమ్మిది వందల పది. సందు చివరిదాకా పోయొస్తే ఆ తొంభై తీరిపోతాయి.

చెప్పులు విడిచి, గడియారం తీసి గూట్లో పెట్టాను. పొద్దున ఆమె అడిగితే చెప్పాలి కదా అని, రాగిపిండి ఉందో లేదో డబ్బా మూత తీసి చూశాను.